ఒంట్లో ఉన్న వైరస్, జబ్బు చేసిన వైరస్

నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్లలో సర్పిని గుర్తుపట్టడానికి డాక్టరు దాకా వెళ్లక్కర్లేదు. వెన్నెముక దగ్గర మొదలై నడుముకు ఒకే పక్కగా బొడ్డు వైపు సాగే ఎర్రటి పట్టీ, దాని మీద గుత్తులు గుత్తులుగా నీటి పొక్కులు, చొక్కా తగిలినా ఓర్చుకోలేని మంట. వీధిలో పెద్దావిడ ఎవరైనా ఒక్కసారి చూసి "సర్పి లేచింది" అని తేల్చేస్తుంది. అక్కి అనేవాళ్లూ ఉన్నారు. ఎర్రమన్ను అరగదీసి పూస్తారు. ఆ పూత వైరస్‌ను ఏమీ చేయదు, పగిలిన పొక్కుల్లోకి మట్టి చేరితే చీము పట్టే ప్రమాదమూ ఉంది. కానీ ఆ పెద్దావిడ చూపులో మాత్రం తప్పు లేదు. ప్రపంచంలో ఏ చర్మవైద్యుడైనా సర్పిని మొదట గుర్తుపట్టేది అలాగే, కంటితోనే.

సర్పి నడుము చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కడని ఒక పాత భయం ఉంది. మామూలుగా అది కలవదు. చర్మంలో ఒక్కో పట్టీకి వెన్నుపూసల మధ్య నుంచి ఒక్కో నాడి వస్తుంది. ఎడమ నాడి ఎడమ పక్కకే, కుడి నాడి కుడి పక్కకే. వైరస్ ఆ నాడి వెంటే చర్మానికి దిగుతుంది కాబట్టి ఒంటి మధ్యగీత దగ్గరే ఆగిపోతుంది. పొక్కులు గీత దాటి ఒళ్లంతా పరుచుకున్నాయంటే అది వేరే సంగతి. ఆ మనిషి రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నదని అర్థం, ఆసుపత్రిలో చేర్చాల్సిన పరిస్థితి.

పెద్దావిడ చూపుకు డాక్టరు చేర్చేవి కొన్నున్నాయి. పొక్కులు నుదుటి మీద లేచి ముక్కు కొనకు కూడా దిగితే కన్ను ప్రమాదంలో పడుతుందని గుర్తు, ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. పాతికేళ్ల వయసులో సర్పి వస్తే హెచ్‌ఐవి పరీక్ష చేయించమంటారు. దేశంలో హెచ్‌ఐవి భారం ఎక్కువగా మోసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ జబ్బు మొదటిసారి బయటపడింది సర్పి వల్లే అయిన కుర్రవాళ్లు చాలామందే ఉన్నారు. ఇంకో చిక్కు, పొక్కులకు రెండు మూడు రోజుల ముందే నొప్పి మొదలవుతుంది. ఆ రెండు మూడు రోజుల్లో ఛాతీ నొప్పి అనుకుని ఈసీజీలు, కడుపునొప్పి అనుకుని స్కానింగులు జరుగుతాయి. మూడో రోజు చొక్కా విప్పిస్తే జవాబు కనిపిస్తుంది.

ఈ జబ్బు గుట్టు విప్పినవాడు కూడా చిన్న ఊరి డాక్టరే. ఇంగ్లండులో సైరన్‌సెస్టర్ అనే పట్నంలో ఎడ్గర్ హోప్-సింప్సన్ అనే ఆయన మామూలు ప్రాక్టీసు చేసుకుంటూ, 1947 నుంచి 16 ఏళ్ల పాటు తన పరిధిలోని సుమారు 3,500 మందిలో సర్పి వచ్చిన ప్రతి ఒక్కరి వివరం రాసిపెట్టుకున్నాడు. మొత్తం 192 కేసులు. పెద్ద ల్యాబ్ లేదు, ఖరీదైన పరికరం లేదు. ఉన్నది ఓపిక, ఒక రిజిస్టరు. ఆ రిజిస్టరులోంచి రెండు సంగతులు తేలాయి. ఆటలమ్మకు ఒక కాలం ఉంది, సర్పికి లేదు. ఆటలమ్మ పిల్లల జబ్బు, సర్పి వయసుతో పాటు పెరిగే జబ్బు. కాబట్టి సర్పి బయటి నుంచి అంటుకోవడం లేదు, చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చిన వైరస్సే నాడీకణాల్లో దాగి ఏళ్ల తర్వాత మళ్లీ లేస్తోంది అని ఆయన 1965లో ప్రకటించాడు. నందిగామ చుట్టుపక్కల మెట్ట ఊళ్లలోనూ అంతే. ఎండలు ముదిరే వేళ పిల్లలకు ఆటలమ్మ పోస్తుంది, వేపమండలు గుమ్మానికి ఎక్కుతాయి. సర్పి మాత్రం మిరపకోతల్లోనూ వస్తుంది, నాట్ల వేళా వస్తుంది.

ఆయన ఊహకు గట్టి రుజువు 1984లో దొరికింది. ఒకే రోగికి మొదట వచ్చిన ఆటలమ్మ పొక్కుల నుంచి, తర్వాత వచ్చిన సర్పి పొక్కుల నుంచి వైరస్‌ను వేరుచేసి, రెండింటి డీఎన్‌ఏనూ ఎంజైములతో ముక్కలు చేసి పోల్చింది అమెరికాలో స్టీఫెన్ స్ట్రాస్ బృందం. ముక్కలు సరిపోయాయి. అదే వైరస్. దీన్ని అడ్డుకునే సర్పి టీకా మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది, 50 ఏళ్లు దాటినవారికి రెండు డోసులు. దాని ధర కూలికి వెళ్లే మనిషికి అందేదిగా లేకపోవడం విచారించాల్సిన విషయం.

అయితే ఆ మధ్య ఏళ్లలో వైరస్ ఎక్కడ ఉన్నట్టు? ఈ ప్రశ్న వెంట పడిన శాస్త్రవేత్తలకు ఎదురైన అనుభవమే ఈ అధ్యాయం మొత్తానికీ కీలకం. సర్పి వైరస్ కుటుంబానికే చెందిన, పెదవి మీద పొక్కులు లేపే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ ముఖానికి స్పర్శ ఇచ్చే నాడి ముడిలో, అంటే గాంగ్లియాన్‌లో దాక్కుంటుందని ఎర్నెస్ట్ గుడ్‌పాస్చర్ 1929లోనే అన్నాడు. ఆ నాడికి ఆపరేషన్ చేసినవారికి రెండు మూడు రోజుల్లో పెదవి మీద పొక్కులు లేవడం సర్జన్లు అంతకుముందే గమనించారు. కానీ ఆ ముడిని తీసి నూరి, ఆ రసంలో వైరస్ కోసం వెతికితే ఏమీ దొరకలేదు. నలభై ఏళ్లు ఇదే వరస.

1971లో జాక్ స్టీవెన్స్, మార్జరీ కుక్ ఎలుకల మీద చేసిన పనితో ముడి వీడింది. వాళ్లు నాడి ముడిని నూరడంతో ఆగలేదు. బతికున్న ముడిని అలాగే పోషక ద్రవంలో ఉంచి, పక్కన వైరస్ తేలిగ్గా సోకే కణాలను పెంచారు. నూరిన ముడిలో కనిపించని వైరస్, బతికున్న ముడిలోంచి కొన్నాళ్లకు బయటికొచ్చింది. మరుసటి ఏడాదే మనిషి శవాల నుంచి తీసిన నాడి ముడుల్లోనూ అదే కనబడింది. వైరస్ పూర్తి రూపంలో అక్కడ లేదు. దాని డీఎన్‌ఏ మాత్రం కణ కేంద్రకంలో మౌనంగా పడి ఉంది. దాన్ని వెతకాల్సింది ఏ రూపంలో అన్నది తెలియకపోతే, ఉన్నదాన్ని కూడా లేదనుకుంటాం.

ఇప్పటిదాకా మనిషికి సోకే హెర్పిస్ వైరస్‌లు తొమ్మిది తెలుసు. సింప్లెక్స్‌లో రెండు, ఆటలమ్మ–సర్పి వైరస్, ఎప్‌స్టైన్-బార్, సైటోమెగలో, 6ఏ, 6బి, 7, 8. ఒకసారి ఒంట్లో చేరాక ఇవి ఏవీ వదలవు. ఒకటి నాడి ముడిలో, ఒకటి తెల్లకణాల్లో, ఒకటి మూలుగలోని కణాల్లో తిష్ఠ వేస్తుంది. పెద్దవాళ్లలో వీటిలో కనీసం రెండు మూడింటిని మోయనివాళ్లు అరుదు. అందుకే ఈ కుటుంబం విషయంలో రోగనిర్ధారణ అంటే "వైరస్ ఉందా?" అని అడగడంతో అయిపోదు. డెంగీకి, రేబిస్‌కు ఆ ప్రశ్న చాలు. ఇక్కడ అడగాల్సింది, ఉన్న వైరస్ నిద్రపోతోందా, లేచిందా? ఏ అవయవంలో లేచింది? ఎంత?

నిద్ర లేచిన వైరస్‌ను చిన్న ల్యాబ్‌లోనూ పట్టుకోవచ్చు. దానికి కావాల్సింది ఒక బ్లేడు, ఒక గాజు స్లైడు, జీమ్సా రంగు, సాధారణ మైక్రోస్కోపు. మలేరియా స్లైడు చూసే చోట ఇవన్నీ ఉంటాయి. 1947లో ఆర్నో త్సాంక్ అనే ఫ్రాన్స్ వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. లేచి ఒకటి రెండు రోజులైన, ఇంకా పగలని పొక్కును ఎంచుకోవాలి. పక్కు కట్టినది పనికిరాదు. స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, బ్లేడు అంచుతో పొక్కు పైపొరను ఒక పక్క ఎత్తాలి. నీరు అద్దేసి, అడుగు భాగాన్ని మెత్తగా గీకాలి. నెత్తురు రాకూడదు, వస్తే స్లైడంతా ఎర్రకణాలే కనిపిస్తాయి. గీకినదాన్ని స్లైడు మీద పలచగా పరిచి, ఆరాక రంగు వేయాలి. వైరస్ లేచిన చర్మకణాలు మామూలు కణాల్లా ఉండవు. నాలుగైదు కణాలు కలిసిపోయి ఒకే పెద్ద కణం అవుతుంది, దాని లోపల కేంద్రకాలు దానిమ్మ గింజల్లా ఒకదాన్నొకటి ఒత్తుకుని కిక్కిరిసి ఉంటాయి. ఒక్కసారి చూసిన టెక్నీషియన్ మరి మరిచిపోడు.

ఆ స్లైడు చెప్పలేనిది కూడా ఒకటుంది. అది హెర్పిస్ సింప్లెక్సా, సర్పి వైరస్సా అన్నది తేల్చలేదు. రెండూ కణాన్ని ఒకేలా పాడుచేస్తాయి. తేడా తెలియాలంటే పీసీఆర్‌కు పంపాలి. పంపేటప్పుడు పత్తి చుట్టిన చెక్కపుల్ల వాడితే ఆ చెక్కలోని పదార్థాలు పరీక్షను చెడగొట్టవచ్చు. ప్లాస్టిక్ పుల్లకు పాలిస్టర్ చుట్టిన స్వాబ్ కావాలి. నెత్తురు పంపితే హెపారిన్ ట్యూబులో కాదు, ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో పంపాలి, హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ఇలాంటి చిన్న పొరపాటుకే వచ్చే తప్పుడు నెగెటివ్ రిపోర్టును చూసి వైరస్ లేదని నమ్మేవాళ్లు ఎందరో.

కంటి సంగతి మెట్ట రైతుకు మరీ ముఖ్యం. పత్తి చేలో పుల్ల తగిలినా, మిరప కల్లంలో దుమ్ము పడినా, నూర్పిళ్లలో ఊక ఎగిరి తగిలినా కన్ను ఎర్రబడుతుంది, నల్లగుడ్డు మీది పారదర్శక పొర పుండు పడుతుంది. చాలాసార్లు అది బూజు వల్ల వచ్చిన పుండు. కొన్నిసార్లు హెర్పిస్. రెండింటికీ మందులు పూర్తిగా వేరు. మెడికల్ షాపులో ఎర్రకన్నుకు ఇచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఈ రెండింటికీ హానే. మొదటి రెండు రోజులు ఎరుపు తగ్గుతుంది, మనిషి సంతోషపడతాడు, లోపల పుండు విస్తరిస్తుంది.

కంటి డాక్టరు చేసే పరీక్ష చూడముచ్చటైనది. ముందు శుభ్రమైన పత్తి కొసను సన్నగా మెలిపెట్టి, పక్క నుంచి తెచ్చి నల్లగుడ్డుకు తాకిస్తారు. ఆరోగ్యంగా ఉన్న కన్ను టక్కున మూసుకుంటుంది. హెర్పిస్ వచ్చిన కంటికి ఆ స్పర్శ సరిగా తెలియదు, ఎందుకంటే వైరస్ కాపురం ఆ కంటి నాడిలోనే. తర్వాత ఫ్లోరసిన్ రంగు కాగితాన్ని కనురెప్ప లోపల అంటించి, నీలి కాంతి వేస్తారు. చిక్కటి ఆకుపచ్చ రంగులో ఒక గీత వెలుగుతుంది, అది చీలి, మళ్లీ చీలి, ప్రతి కొస దగ్గరా చిన్న బుడిపెతో ఆగుతుంది. బూజు పుండు ఇలా ఉండదు, దాని అంచులు పక్షి ఈకలా చెదిరి ఉంటాయి. ఈ మాత్రం పరీక్షకు నందిగామ దాటాల్సిన పని లేదు, స్లిట్ ల్యాంపు ఉన్న కంటి డాక్టరు చాలు.

సందేహం మిగిలితే పెద్ద చోటికి వెళ్లాలి. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ పేరున, గుంటూరు వైద్య కళాశాలలో చదివిన గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో స్థాపించిన కంటి సంస్థ ఇలాంటి పుండ్ల నిర్ధారణలో దేశానికే పేరున్న చోటు. దాని శాఖ విజయవాడ దగ్గర తాడిగడపలో ఉంది. అక్కడ పుండు అంచును గీకి, ఒక ముక్కను బూజు కోసం, ఒక ముక్కను బాక్టీరియా కోసం, అవసరమైతే ఒకటి పీసీఆర్ కోసం పంచుతారు. అకాంతమీబా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే పుండు మొదట్లో హెర్పిస్‌లా కనిపించి నెలల తరబడి మోసం చేసిన కేసులు ప్రపంచమంతటా ఉన్నాయి. ఇక్కడా అదే హెచ్చరిక. ఏ జబ్బూ లేని కళ్ల కన్నీటిలో కూడా హెర్పిస్ డీఎన్‌ఏ అప్పుడప్పుడు దొరుకుతుంది. కాబట్టి కన్నీటిలో పాజిటివ్ వచ్చిందని పుండుకు కారణం అదేనని తీర్పు చెప్పేయకూడదు. పుండు ఆకారం, స్పర్శ, పీసీఆర్ మూడూ ఒకే మాట చెప్పాలి. కన్ను ఈ వైరస్ చరిత్రకు మొదటి ప్రయోగశాల కూడా. 1910లలో జర్మనీ వైద్యుడు విల్‌హెల్మ్ గ్రూటర్, 1919లో లోవెన్‌స్టైన్, మనిషి పొక్కుల రసాన్ని కుందేలు కంటికి అంటించి పుండు తెప్పించారు. వైరస్‌ను చూసే సాధనం లేని రోజుల్లో కుందేలు కన్నే వాళ్లకు సాధనం.

మనిషిని కాసేపు పక్కన పెట్టి కోడిని చూస్తే ఈ కథ ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. ఉమ్మడి కృష్ణా జిల్లా కోళ్ల ఫారాలకు పేరున్న చోటు, మెట్ట ఊళ్లలో పెరట్లో నాటు పుంజు లేని ఇల్లూ తక్కువే. మూడు నాలుగు నెలల కోడి ఉన్నట్టుండి కుంటుతుంది. తర్వాత ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపుకుని పడిపోతుంది. కొక్కెర తెగులు అనుకుంటారు. అది కావచ్చు, మారెక్స్ కూడా కావచ్చు. 1907లో బుడాపెస్ట్‌లో యోజెఫ్ మారెక్ అనే పశువైద్యుడు కాళ్లు పడిపోయిన నాలుగు పుంజుల్లో దీన్ని మొదట వర్ణించాడు. దీనికి కారణం ఒక హెర్పిస్ వైరస్ అని 1967లో ఇంగ్లండులో చర్చిల్, బిగ్స్ తేల్చారు.

చచ్చిన కోడిని గన్నవరం పశువైద్య కళాశాల లాంటి చోటికి తెస్తే పోస్టుమార్టంలో తొడ లోపలి కండను పక్కకు తప్పించి, రెండు కాళ్లకూ వెళ్లే పెద్ద నాడులను బయటికి తీసి పక్కపక్కన చూస్తారు. మంచి నాడి తెల్లగా మెరుస్తూ, అడ్డంగా సన్నని చారలతో ఉంటుంది. జబ్బు పట్టిన నాడి రెండు మూడింతలు లావై, చారలు పోయి, బూడిద పసుపు రంగులో నీరు పట్టినట్టు ఉంటుంది. రెండు నాడులూ సమానంగా వాయవు, ఆ తేడాయే గుర్తు. కాలేయం, ప్లీహం, అండాశయంలో తెల్లటి గడ్డలు ఉండొచ్చు. అవి కాన్సర్ గడ్డలు.

ఇప్పుడు ఆ గడ్డలో పీసీఆర్ చేసి మారెక్స్ వైరస్ దొరికిందంటే కేసు తేలినట్టేనా? తేలినట్టు కాదు. ఈ వైరస్ ఫారాల దుమ్ములో నెలల తరబడి బతుకుతుంది, దాదాపు ప్రతి మందలోనూ ఉంటుంది. ఒకరోజు పిల్లకు హేచరీలో వేసే మారెక్స్ టీకా, ద్రవ నత్రజనిలో నిల్వ చేసి తెచ్చే ఆ టీకా, కాన్సర్‌ను ఆపుతుంది కానీ వైరస్ సోకడాన్ని ఆపదు. కాబట్టి ఆరోగ్యంగా గుడ్లు పెడుతున్న కోడిలోనూ వైరస్ దొరుకుతుంది. నిర్ధారణ చేసేవాళ్లు చూసేది మోతాదు. గడ్డలో వైరస్ డీఎన్‌ఏ విపరీతంగా ఉండాలి, గడ్డ కణాలు వైరస్ తాలూకు కాన్సర్ ప్రోటీన్‌ను తయారుచేస్తుండాలి. పూర్తి వైరస్ కణాలు తయారయ్యే చోటు మాత్రం ఒళ్లంతా కలిపి ఒక్కటే, ఈక మొదలు. బతికున్న కోడిని పరీక్షించాలంటే ఒక లేత ఈక పీకితే చాలు. మందకు జబ్బు ముప్పు ఎంతుందో ఆ ఈకలతో అంచనా వేయొచ్చు, ఒక కోడి చావుకు కారణం మాత్రం గడ్డనే అడగాలి. కాన్సర్‌ను అడ్డుకున్న తొలి టీకా మనిషికి కాదు, కోడికి వచ్చింది అనే సంగతి వైద్యవిద్యార్థుల్లోనే చాలామందికి తెలియదు.

మోతాదు, రూపం, చోటు అనే ఈ మూడు ప్రశ్నలు అడగకపోతే మనుషులకు ఎంత కష్టమో టార్చ్ పరీక్ష చూపిస్తుంది. గర్భం నిలవని ఆడపిల్లకు చిన్న పట్నాల్లో రాసే మొదటి పరీక్షల్లో అదొకటి. ఒక్క నెత్తురు శాంపిల్‌తో టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలో, హెర్పిస్‌లకు యాంటీబాడీలు చూస్తారు. రిపోర్టులో సైటోమెగలో ఐజీజీ పాజిటివ్ అని ఎర్ర అక్షరాలు వస్తాయి. అత్తగారింట్లో గుసగుసలు మొదలవుతాయి. ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ సోకిందని, అంతే. మన దేశంలో పెద్దవాళ్లలో అత్యధికులకు ఆ పరీక్ష చేస్తే పాజిటివే వస్తుంది, గుసగుసలాడే అత్తగారికీ వస్తుంది. ఐజీఎం పాజిటివ్ కూడా నమ్మదగ్గ సాక్షి కాదు. పాత వైరస్ కాస్త కదిలినా, వేరే జబ్బు ఉన్నా అది పైకి లేస్తుంది. మళ్లీ మళ్లీ గర్భస్రావం అయ్యేవారికి టార్చ్ పరీక్ష చేయొద్దని బ్రిటన్ ప్రసూతి వైద్యుల సంఘం లాంటి సంస్థలు ఎప్పుడో చెప్పాయి. ఒక కాగితం ముక్క చూసి, అక్కర్లేని మందులు వాడిన, అక్కర్లేని నింద మోసిన ఆడవాళ్లను తలచుకుంటే బాధ కలుగుతుంది.

తల్లి కడుపులో ఉండగా బిడ్డకు సైటోమెగలో సోకిందన్న అనుమానం నిజంగా ఉంటే వెతకాల్సిన చోటు తల్లి నెత్తురు కాదు. పుట్టిన బిడ్డ మూత్రం, లాలాజలం. అదీ 21 రోజుల లోపల. ఆ గడువు దాటితే పుట్టాక సోకిన వైరస్‌కూ, పుట్టకముందు సోకినదానికీ తేడా చెప్పలేం. వినికిడి పోయే ప్రమాదమున్న పిల్లలకు ఈ మూడు వారాలు చాలా విలువైనవి.

ఇదే సైటోమెగలో వైరస్ కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి పెద్ద శత్రువు. నందిగామకు ఎంతో దూరంలో లేని ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బులు ఎన్ని కుటుంబాలను కుంగదీశాయో తెలిసిందే. తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ కార్యక్రమం కింద అవయవాలు అందుతున్నాయి. కొత్త కిడ్నీని ఒళ్లు తోసేయకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు వేస్తారు. దాంతో రోగి సొంత వైరస్, కిడ్నీతో పాటు వచ్చిన దాత వైరస్ రెండూ లేచే వీలు దొరుకుతుంది. ఇక్కడ వైరస్ ఉందా లేదా అన్న పరీక్ష అర్థం లేనిది, ఉంటుందనే అనుకోవాలి. ప్రతి వారమో, రెండు వారాలకో నెత్తురులో దాని లెక్క చూస్తారు. లెక్క వరసగా పెరుగుతోందా అన్నదే ప్రశ్న. ఒక ల్యాబ్ లెక్కకూ ఇంకో ల్యాబ్ లెక్కకూ పొంతన లేని రోజుల్లో, 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి ఒక అంతర్జాతీయ ప్రమాణం పెట్టింది. అయినా ఒకే రోగికి ఒకే ల్యాబ్‌లో చేయించడం మేలు.

నెత్తురు లెక్క కూడా కొన్నిసార్లు అబద్ధం చెబుతుంది. పేగులో పుండ్లు పడి విరేచనాలవుతున్నా నెత్తురులో వైరస్ కనిపించకపోవచ్చు. అప్పుడు పేగు లోపలి నుంచి బయాప్సీ ముక్క తీయాలి. మైక్రోస్కోపు కింద సైటోమెగలో సోకిన కణం పక్క కణాల కన్నా ఎన్నో రెట్లు పెద్దదిగా, మధ్యలో ముదురు ముద్ద, చుట్టూ తెల్లటి వలయంతో గుడ్లగూబ కన్నులా కనిపిస్తుంది. 1881లోనే హూగో రిబ్బర్ట్ అనే జర్మన్ పాథాలజిస్టు చచ్చిపుట్టిన శిశువు కిడ్నీలో ఈ కణాలు చూశాడు, అవేమిటో అర్థం కాక వదిలేశాడు. వైరస్‌ను పట్టుకోవడానికి 1956 దాకా ఆగాల్సి వచ్చింది. కణం ఆకారంతో తేలకపోతే, వైరస్ ప్రోటీన్‌కు అంటుకునే యాంటీబాడీతో రంగు వేస్తారు. జబ్బు చేసిన కణమే గోధుమ రంగులో బయటపడుతుంది. ఇక్కడ సాక్ష్యానికి తిరుగులేదు, వైరస్, దెబ్బతిన్న కణం, అవయవం మూడూ ఒకే చోట ఉన్నాయి. ఆ ముక్క మొత్తాన్ని ఫార్మలిన్‌లో వేసేస్తే మాత్రం దాన్నుంచి వైరస్‌ను పెంచే అవకాశం పోతుంది, పీసీఆర్ కూడా బలహీనపడుతుంది. తీసేటప్పుడే ఒక చిన్న ముక్కను ఫార్మలిన్ తగలకుండా సెలైన్‌లో వేరుగా ఉంచమని ముందే చెప్పాలి. ఆపరేషన్ థియేటర్‌లో ఆ ఒక్క మాట అనేవాళ్లు లేక పోయిన జవాబులు తిరిగి రావు.

ఇక మెదడు. 2003 జూన్ నుంచి ఆగస్టు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు జ్వరం, ఫిట్స్, గంటల్లో స్పృహ పోవడం. 329 మంది పిల్లలు జబ్బు పడ్డారు, 183 మంది చనిపోయారు. మెదడువాపుకు కారణమయ్యే వైరస్‌లను ఒక్కొక్కటే కాదనుకుంటూ వెళ్లిన పుణె జాతీయ వైరాలజీ సంస్థ చివరికి చాందీపుర వైరస్‌ను పట్టుకుంది. దానికి మందు లేదు. జపనీస్ మెదడువాపుకూ మందు లేదు, టీకా ఉంది. కానీ జ్వరంతో, ఫిట్స్‌తో వచ్చిన రోగుల్లో కొందరికి కారణం హెర్పిస్ సింప్లెక్స్. దానికి మందు ఉంది. గెర్‌ట్రూడ్ ఎలియన్ బృందం తయారుచేసిన ఎసైక్లోవిర్. ఆమెకు 1988లో నోబెల్ వచ్చింది. మందు లేని రోజుల్లో హెర్పిస్ మెదడువాపు వచ్చిన 100 మందిలో 70 మంది దాకా చనిపోయేవారు. ఎసైక్లోవిర్ ఇచ్చిన అధ్యయనాల్లో ఆ సంఖ్య 30 లోపుకు దిగింది. అందువల్ల జ్వరంతో, ఫిట్స్‌తో వచ్చి మెదడువాపు అనుమానం ఉన్న ప్రతి మనిషిలోనూ హెర్పిస్‌ను వెతకడం తప్పనిసరి.

దీనికి కొన్ని ఆనవాళ్లున్నాయి. మనిషి రెండు మూడు రోజులుగా పొంతన లేకుండా మాట్లాడతాడు, తెలిసినవాళ్ల పేర్లు మరిచిపోతాడు, లేని వాసన వస్తోందంటాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని రోజులు పోగొట్టిన కేసులున్నాయి. వైరస్‌కు చెవి దగ్గర, కణత లోపల ఉండే టెంపోరల్ భాగం మీద మక్కువ, జ్ఞాపకం, మాట, వాసన ఆ చుట్టుపక్కలే. ఎంఆర్ఐలో ఒక పక్క ఆ భాగమే తెల్లగా వెలుగుతుంది. ఒకప్పుడు నిర్ధారణ కోసం పుర్రెకు రంధ్రం చేసి మెదడు ముక్క తీసేవారు. 1995లో అమెరికాలో ఫ్రెడ్ లేక్‌మన్, రిచర్డ్ విట్లీ అలా మెదడు ముక్కతో రుజువైన 54 మంది వెన్నునీటికి పీసీఆర్ చేస్తే 53 మందిలో హెర్పిస్ డీఎన్‌ఏ దొరికింది. పుర్రె తెరిచే అవసరం ఆ లెక్కతో దాదాపు పోయింది. నడుము దగ్గర సూదితో తీసే కొన్ని చుక్కల నీరు చాలు.

నాడి ముడిలో పాత హెర్పిస్ నిద్రపోతున్నంత మాత్రాన వెన్నునీటిలోకి దాని డీఎన్‌ఏ సాధారణంగా రాదు. అందుకే ఇక్కడ, మిగతా చోట్ల చెప్పిన జాగ్రత్తలకు భిన్నంగా, జ్వరంతో స్పృహ తప్పిన మనిషి వెన్నునీటిలో పాజిటివ్ అంటే దాదాపుగా జబ్బే. మోసం చేసేది నెగెటివ్. జబ్బు మొదలైన మూడు రోజుల్లోపు తీసిన నీటిలో వైరస్ ఇంకా కనిపించకపోవచ్చు.

నందిగామ నుంచి విజయవాడకు గంట పైన ప్రయాణం, జగ్గయ్యపేట నుంచి ఇంకాస్త ఎక్కువ. కోవిడ్ తర్వాత విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలతో సహా పీసీఆర్ చేసే ప్రభుత్వ ల్యాబులు పెరిగాయి. అయినా శాంపిల్ వెళ్లి రిపోర్టు రావడానికి ఒక రోజో రెండు రోజులో పడుతుంది, అన్నాళ్లు మెదడు ఆగదు. అందుకని అనుమానం తగలగానే మొదటి ఎసైక్లోవిర్ డోసు నరానికి ఎక్కించాలి, రిపోర్టు తర్వాత చూసుకోవచ్చు. మందు మొదలెట్టిన మొదటి కొన్ని రోజులూ పీసీఆర్ పాజిటివ్‌గానే ఉంటుంది, కాబట్టి మందు ముందిస్తే పరీక్ష చెడుతుందన్న భయం వద్దు. వెన్నునీటిని శుభ్రమైన ట్యూబులో, ఐస్ ప్యాకుల మధ్య పంపాలి. తొలి రిపోర్టు నెగెటివ్ వచ్చి, ఎంఆర్ఐలో టెంపోరల్ భాగం వెలుగుతూ, మనిషి ఇంకా తికమకగానే ఉంటే మందు ఆపకూడదు. మూడు నుంచి ఏడు రోజుల్లోగా రెండోసారి నడుము దగ్గర సూది వేసి, ఆ నీటిని మళ్లీ పరీక్షకు పంపాలి. రెండోసారి ఎందుకని బంధువులు అడుగుతారు. మొదటిసారి వైరస్ ఇంకా ఆ నీటిలోకి దిగలేదేమోనని వాళ్లకు కూర్చోబెట్టి చెప్పాల్సింది డ్యూటీ డాక్టరే.